కోరుకొండ నుంచి సౌత్ కోల్ దాకా

మొన్న మా నానక్‌రామ్‌గూడ ఆఫీసులో టీమ్ కుర్రాళ్ళు నలుగురు జనవరిలో కేదార్‌కంఠ ట్రెక్కుకి ప్లాన్ వేస్తూ కనిపించారు. జాకెట్లు, బూట్లు, చివరికి రమ్ము కూడా లిస్టులో ఉంది. "చలి సంగతేంట్రా?" అంటే, "మూడేళ్ళుగా ఈ ఏసీ కిందే ఉన్నాం కదన్నా" అని నవ్వారు. నేనూ నవ్వాననుకోండి. కానీ ఇంటికెళ్తుంటే క్యాబులో కోరుకొండ గుర్తొచ్చింది.

విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన లెఫ్టినెంట్ ఉదయభాస్కర్ రావు 1985లో సైన్యం బృందంతో ఎవరెస్టుకి వెళ్ళారు. ఆ అక్టోబరులో ముందు మేజర్ కిరణ్ కుమార్ జారిపడి పోయారు. కొద్ది రోజులకే, సుమారు 7,900 మీటర్ల ఎత్తున సౌత్ కోల్‌లో మంచు తుఫానుకి చిక్కి మరో నలుగురు చనిపోయారు. అందులో ఉదయభాస్కర్ రావు ఒకరు. వీళ్ళు జారిపడి కాదు, ఆ గాలికీ చలికీ.

అదే స్కూల్లో ఆయన విగ్రహం చూసి కొండలెక్కాలనుకున్న కుర్రాడే మల్లి మస్తాన్‌బాబు. మనవాడే, సత్యం కంప్యూటర్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా చేశాడు. 2006లో ఏడు ఖండాల శిఖరాల్నీ 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు.

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథెర్మియా. దీంతో చిక్కేంటంటే ముందు దెబ్బతినేది బుర్రే. అలర్ట్ పంపాల్సిన సర్వరే ముందు డౌన్ అయినట్టు! అందుకే పక్కవాడు కనిపెట్టాలి. మాట ముద్దగా వస్తోందా, తూలుతున్నాడా, లేసు కట్టుకోలేకపోతున్నాడా, ఊరికే విసుక్కుంటున్నాడా? వణుకు ఆగిపోయిందంటే తగ్గిందని కాదు, ముదిరిందని. కొందరైతే ఆ దశలో వేడిగా ఉందని బట్టలు కూడా విప్పేస్తారు.

చలి దెబ్బకి వైద్యం విషయంలో చాలాకాలం పొరపాటే నడిచింది. 1812లో మాస్కో నుంచి వెనుదిరిగిన నెపోలియన్ సైన్యంలో సర్జన్ లారీ, గడ్డకట్టిన కాళ్ళూ చేతుల్ని మంచుతో రుద్దమన్నాడు. ఆ మాట వందేళ్ళకి పైగా చెల్లింది. ఇప్పుడు రుద్దొద్దంటారు. గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసేసి, కింద మ్యాట్ వేసి, పొడి దుప్పట్లతో తల సహా కప్పాలి. వెచ్చదనం ముందు ఛాతీకి అందాలి. స్పృహలో ఉండి మింగగలిగితే వేడి తీపి టీ. బాగా ముదిరితే కుదపకూడదు, గుండె లయ తప్పుతుంది. ఊపిరి అందట్లేదనిపించినా పోయాడని వదిలెయ్యకూడదు. 1999లో నార్వేలో 13.7 డిగ్రీలకి పడిపోయిన అన్నా బోగెన్‌హోమ్ బతికింది.

రమ్మంటారా? చర్మానికి వెచ్చగా అనిపించి లోపలి వేడిని బయటికి తోసేస్తుంది. ఇదంతా కుర్రాళ్ళకి మెయిల్ కొట్టా. సీసా ఇక్కడే వదిలేస్తామని జవాబొచ్చింది. చూడాలి :)