సైక్స్ వారి మూలపురుషుడు

ఆక్స్‌ఫర్డ్ జన్యుశాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ 2000లో తన ఇంటిపేరునే పరీక్షకు పెట్టారు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ వైపు ఆ పేరు ఏడు వందల ఏళ్లుగా ఉంది. చిన్న వాగును అక్కడ సైక్ అనేవారు. వాగు లేని ఊరుండదు కనుక ఈ పేరు పలుచోట్ల విడివిడిగా పుట్టి ఉంటుందని అప్పటిదాకా అనుకున్నారు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే వై క్రోమోజోమును పరిశీలిస్తే, ఆ పేరున్న మగవారిలో దాదాపు సగం మందిది ఒకే నమూనా. పోల్చి చూసిన ఇతరుల్లో అది కనబడలేదు. దాంతో ఇప్పుడున్న సైక్స్ వాళ్లందరి పేరుకూ మూలం ఒక్కడేనని తేల్చారు.

ఆ సగం మందికీ తాత ఒకడేనన్న మాట నిజమే. అతనే ఆ పేరు పెట్టుకున్న తొలి మనిషన్నది మాత్రం ఒప్పుకోలేం. పద్నాలుగో శతాబ్దంలో పదిమంది వేర్వేరుగా ఆ పేరు పెట్టుకున్నారనుకుందాం. 1348లో ఇంగ్లండ్‌కు చేరిన మహామారికి కొన్ని వంశాలు పోతాయి, ఆడపిల్లలే పుట్టి కొన్నిటిలో పేరు ఆగిపోతుంది, ఒకరి ఇంట కొడుకులు, మనవలు విస్తరిస్తారు. ఏడు శతాబ్దాల తర్వాత పరీక్షకు దొరికేది ఆ ఒక్కరి సంతానమే. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ 2009లో 40 బ్రిటిష్ ఇంటిపేర్లకు చెందిన 1,678 మందిని పరిశీలించి ఇంచుమించు ఇదే చెప్పారు. అరుదైన పేర్లలో రక్తసంబంధం గట్టిగానే కనిపించింది. స్మిత్ వంటి పేరులో ఆ జాడే లేదు. అయినా నేటి నమూనాలను బట్టి తొలి వ్యక్తులను నమ్మకంగా చెప్పలేమన్నది వారి నిర్ణయం.

అలాగైతే పరీక్ష దండగేనా అని అడగవచ్చు. కాదు. ఒకే పేరున్న రెండు కుటుంబాలు దాయాదులో కాదో తేల్చడంలో దానికి సాటి లేదు. చిక్కంతా నమూనా కలవని వారి గురించి చెప్పే కథలో ఉంది. సైక్స్ పేరున్న మిగతా సగం మందిలో నమూనా వేరవడానికి కారణం తరానికి సగటున 1.3 శాతం చొప్పున తండ్రి వేరుకావడమే కావచ్చని సైక్స్ అంచనా వేశారు. వినగానే అందరికీ తోచేది అక్రమ సంబంధమే, పత్రికలకూ అదే రుచి. కానీ పేరు ఆస్తి వెంట కూడా నడుస్తుంది. పెర్సీ వంశపు వారసురాలిని పెళ్లాడిన సర్ హ్యూ స్మిత్‌సన్ 1750లో భార్య వైపు పేరే తీసుకుని, తర్వాత నార్తంబర్లండ్ డ్యూక్ అయ్యాడు. మన లెక్కలో ఇల్లరికపుటల్లుడు. అతని మగ సంతతి పెర్సీ పేరుతో స్మిత్‌సన్ క్రోమోజోమునే మోస్తుంది. ఇందులో దాచవలసిందేమీ లేదు; పార్లమెంటు చట్టమే చేసింది.

తెలుగు ఇంటిపేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. వాటిలో చాలా వరకు ఊరి పేర్లు. ఒకే ఊరు విడిచి వచ్చిన వేర్వేరు కులాలవారు అదే పేరు పెట్టుకున్నారు. దత్తత, ఇల్లరికం సరేసరి. అలాంటి పేరు మీద వై పరీక్ష చేస్తే అనేక వంశాలు బయటపడటం సహజం. అంతమాత్రాన ఆ ఊరి నుంచి వచ్చామన్న కుటుంబపు మాట అబద్ధం కాదు. దాని నిజానిజాలకు చూడవలసినవి శాసనాలు, ఇనాం రికార్డులు, బ్రిటిష్ సర్వే అధికారి మెకంజీ సేకరించిన గ్రామ కైఫియతులు.