కుల వివక్ష నేరాలు - గణాంకాల నమోదు విధానం

సఖినేటిపల్లి: కుల వివక్షతో జరిగే నేరాల గణాంకాలకు మూలం పోలీసు స్టేషనులో నమోదయ్యే ఎఫ్‌.ఐ.ఆర్‌. వశిష్ఠ గోదావరి తీరాన సఖినేటిపల్లిలో నమోదైన కేసు జిల్లా, రాష్ట్ర స్థాయి రికార్డుల ద్వారా జాతీయ నేర రికార్డుల బ్యూరోకు చేరి, వార్షిక నివేదికలో ఒక అంకె అవుతుంది. ఎఫ్‌.ఐ.ఆర్‌.లోకి రాని వివక్ష ఆ నివేదికలో కనిపించదు.

దేశవ్యాప్త గణాంకాలు

బ్యూరో నివేదికల ప్రకారం దేశంలో షెడ్యూల్డు కులాల వారిపై జరిగిన నేరాలకు సంబంధించి 2021లో 50,900, 2022లో 57,582, 2023లో 57,789 కేసులు నమోదయ్యాయి. షెడ్యూల్డు తెగల విషయంలో ఈ సంఖ్యలు వరుసగా 8,802, 10,064, 12,960. ఇవి నమోదైన కేసులే తప్ప జరిగిన నేరాలన్నీ కావు. ఒకే ఎఫ్‌.ఐ.ఆర్‌.లో పలు నేరాలున్నప్పుడు తీవ్రమైన నేరాన్నే లెక్కలోకి తీసుకుంటారు. విద్వేష నేరాలపై 2017లో బ్యూరో విడిగా సమాచారం సేకరించినప్పటికీ, అది విశ్వసనీయంగా లేదన్న కారణంతో ప్రచురించలేదు.

చట్టం

1985లో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులపై జరిగిన దాడి దేశం దృష్టిని ఆకర్షించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో రూపొంది, 1990 జనవరి 30న అమలులోకి వచ్చింది. పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల విషయంలో, బాధితుడు ఎస్సీ లేదా ఎస్టీ అయిన కారణంగానే నేరం జరిగిందని తొలుత రుజువు చేయవలసి ఉండేది. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణతో, బాధితుని కులం తెలిసి నేరం చేసినట్లు రుజువైతే చాలును. బాధితునితో లేదా అతని కుటుంబంతో నిందితునికి పరిచయం ఉంటే కులం తెలిసినట్లే న్యాయస్థానం భావిస్తుంది.

కోనసీమ ఘటనలు

2016 ఆగస్టులో అమలాపురంలో చనిపోయిన ఆవు చర్మం ఒలుస్తున్న దళిత సోదరులపై గోవధ ఆరోపణతో దాడి జరిగింది. ఆవు విద్యుదాఘాతంతో మరణించినట్లు తరువాత వెల్లడైంది. జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసాత్మకమై, మంత్రి, శాసనసభ్యుని ఇళ్లు దగ్ధమయ్యాయి. ఇటువంటి ఘటనలు ఏ సెక్షన్ల కింద నమోదైతే ఆ శీర్షికల కిందనే లెక్కకు వస్తాయి.

అధికారుల బాధ్యతలు

ఎఫ్‌.ఐ.ఆర్‌. నమోదుకు ప్రాథమిక విచారణ అవసరం లేదని 2018 సవరణ స్పష్టం చేసింది. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు జరిపి 60 రోజులలో అభియోగపత్రం దాఖలు చేయాలి. 2016 నిబంధనల ప్రకారం నేర స్వభావాన్ని బట్టి పరిహారం రూ.85,000 నుంచి రూ.8.25 లక్షల వరకు ఉంటుంది. విధులను ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేసిన, ఎస్సీ, ఎస్టీలకు చెందని ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు శిక్ష విధించవచ్చు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకొకసారి సమావేశమై కేసుల పురోగతిని సమీక్షించాలి.