కాలేయ మార్పిడి పొందినవారిపై కోవిడ్-19 ప్రభావం

గుంటూరు: కోవిడ్-19 నివారణకై 2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలైన నాటికి గుంటూరు యార్డుకు మిరప ముమ్మరంగా వచ్చే కాలము. హైదరాబాదు, చెన్నై నగరాలలో కాలేయ మార్పిడి చేయించుకొని గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో నివసించేవారికి రాకపోకల నిలుపుదల వలన రక్తపరీక్షలు, నిపుణుల సలహా దూరమయ్యే పరిస్థితి ఏర్పడినది.

అమర్చిన కాలేయాన్ని శరీరం తిరస్కరించకుండా వీరు టాక్రోలిమస్ వంటి, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడవలసి ఉన్నందున, కోవిడ్ సోకితే ప్రాణాపాయం తప్పదన్న భయం తొలుత ప్రబలినది. 18 దేశాలకు చెందిన 151 మందిపై జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు భిన్నమైన ఫలితాన్నిచ్చినది. మార్పిడి పొందినవారిలో మరణాలు 19 శాతం కాగా, పోల్చి చూసిన ఇతర రోగులలో 27 శాతం. వీరిలో అత్యధికులు ఆసుపత్రిలో చేరినవారే గనుక, ఈ శాతాన్ని వ్యాధి సోకిన వారందరికీ వర్తింపజేయరాదని పాత్రికేయులు గమనించగలరు. వయస్సు, మూత్రపిండాల పనితీరు ప్రాణాపాయాన్ని పెంచే అంశాలుగా తేలినవి.

మైకోఫెనొలేట్ వాడేవారిలో వ్యాధి తీవ్రత హెచ్చుగా ఉన్నట్లు స్పెయిన్ పరిశీలనలో వెల్లడైనది. టాక్రోలిమస్ విషయంలో అట్లు కనబడలేదు. అయినను రోగి తనంతట ఏ మందునూ మానరాదు. మానినచో కాలేయమే దెబ్బతినగలదు.

2021 మార్చి 1న ప్రారంభమైన టీకా దశలో 45 నుండి 59 ఏళ్ల వయస్సుగల కాలేయ మార్పిడి గ్రహీతలకు, అందుకై వేచియున్నవారికి అర్హత కల్పించబడినది. టీకా వలన వీరిలో ప్రతిరక్షకాలు తక్కువగా ఏర్పడుటచే అదనపు మోతాదులు అవసరమైనవి. కోవిడ్ చికిత్సకు వాడే రిటోనవిర్ కలిసిన మాత్రలు రక్తంలో టాక్రోలిమస్ స్థాయిని ప్రమాదకరంగా పెంచును గనుక, మార్పిడి జరిగిన సంగతిని రోగి ఏ వైద్యుని వద్దనైనా ముందుగా తెలుపవలసి యున్నది.