పట్నం పోదాం నడువుండ్రి

మంచిర్యాల స్టేషన్‌లోకి హైదరాబాద్ పోయే కాగజ్‌నగర్ ఇంటర్‌సిటీ వస్తుంటే ప్లాట్‌ఫారం మీది జనమంతా ఒక్కసారి లేస్తారు. బండి ఇంకా ఆగనేలేదు, మా ఆయన కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు పట్టేశాడు. అత్తమ్మ చేతిలో స్టీలు టిఫిను, అందులో పొద్దున చేసిన పోలెలు. బిడ్డ భుజాన నీళ్ల సీసాల సంచి. చిన్నోడి చేతిలో ఏమీ లేదు. కిటికీ దగ్గర కూర్చోవడం ఒక్కటే వాడి పని.

2025 మార్చి 30, ఆదివారం. విశ్వావసు నామ సంవత్సర ఉగాది. తెల్లారితే రంజాన్, ఆ మర్నాడు కూడా సర్కారు సెలవే. పిల్లలకు ఒంటిపూట బడులు. సింగరేణి బొగ్గుబాయి పని చేసేవాళ్ల ఇంట్లో ఇన్ని సెలవులు ఒకదాని వెంట ఒకటి కుదరడం చాలా అరుదు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, నైటు షిఫ్టు అంటూ వారానికో తీరుగా తిరిగే మనిషికి ఆదివారం ప్లేడే సెలవు ఒక్కటే నమ్మకం. మిగతా వాటికి లీవు అడగాలి, హాజరు మస్టర్లు లెక్క చూసుకోవాలి. మా ఆయన పంపు ఫిట్టర్. శనివారం నైటు షిఫ్టు దిగి, ఏడు దాటాక నస్పూర్ క్వార్టర్‌కు వచ్చి, స్నానం చేసి, కొత్త కుండలోని పచ్చడి రెండు గ్లాసులు తాగి పడుకున్నాడు. ఎంత రుద్ది కడిగినా కనురెప్పల అంచున బొగ్గు నలుపు సన్నగా మిగిలే ఉంటుంది. ఆ కళ్లతోనే ఇప్పుడు కిటికీ పక్కన నిలబడి పిల్లలకు దారి చూపిస్తున్నాడు.

బండి కదిలిన కాసేపటికే గోదావరి. ఎండాకాలం మొదలైంది కాబట్టి ఇసుక మేటల మధ్య నీళ్లు పాయలుగా మెరుస్తున్నాయి. చిన్నోడు రూపాయి బిళ్ల విసురుతాడు, అత్తమ్మ కూర్చున్నచోటే దండం పెట్టుకుంటుంది. వంతెన దాటాక పట్టాల పక్కన అక్కడక్కడా మోదుగు చెట్లు. ఆకు ఒక్కటి లేకుండా కొమ్మకొమ్మకూ ఎర్రటి పూలే. పూత చివరికొచ్చింది, చెట్టు కింద నేల కూడా ఎర్రగానే ఉంది.

రామగుండం దగ్గర ఎన్టీపీసీ పొగగొట్టాలు కనబడగానే మా ఆయన వంగి చిన్నోడి చెవి దగ్గర చెప్తాడు.

"గా పొగ చూడు. అది మన బొగ్గే."

"అయితే పట్నంల లైట్లు మనయేనా డాడీ?"

"మనయి గూడ ఉన్నయిరా."

సరిగ్గానే చెప్పాడు. ఇక్కడి పాత కేంద్రం ఒక్కటే 2,600 మెగావాట్లది. మా నస్పూర్ పక్కన జైపూర్ మండలంలో సింగరేణి సొంతంగా కట్టుకున్న కేంద్రం ఇంకో 1,200. కరెంటు గ్రిడ్డులో కలిశాక ఏ దీపం ఏ బాయి బొగ్గుతో వెలిగిందో ఎవరూ విడదీయలేరు. కానీ వెలుగుతున్న దీపాన్ని చూసి ఇందులో మా నాయన చెమట ఉందని అనుకునే హక్కు కోల్‌బెల్టు పిల్లలకు ఉంది. ఆ మాట వాళ్లకు చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

రామగుండంలో ఒక ముస్లిం కుటుంబం మా ఎదురు సీట్లో సర్దుకుంది. పండక్కి పాతబస్తీలోని అత్తగారింటికి పోతున్నారట. అత్తమ్మ అలవాటుగా టిఫిను మూత తీసి ఒక పోలె వాళ్ల పాపకిచ్చింది. పెద్దావిడ నవ్వి, రోజా ఉంది అవ్వా, పొద్దు గూకినంక తింటం అంది. అత్తమ్మ వెంటనే మూత పెట్టేసింది. మళ్లీ మా పిల్లలు అడిగినా తీయలేదు. పెద్దపల్లి, జమ్మికుంట, కాజీపేట దాటిపోయాయి. ఆలేరు వైపు పోతుంటే పొద్దు వాలింది. వాళ్లు ఖర్జూరాల పొట్లం విప్పి ముందు మా చేతుల్లో పెట్టారు, అప్పుడు టిఫిను మూత లేచింది. చల్లారిన పోలె, మెత్తటి ఖర్జూరం, ఫ్లాస్కులోని చాయ్. ఉగాది తీపికి ఇంకేం కావాలి!

భువనగిరి గుట్ట చీకట్లో పెద్ద మూపులా లేచి వెనక్కి జరిగిపోతుండగా బోగీలో గోల. అందరూ పడమటి కిటికీల వైపు ఒరిగారు. ఆకాశం అడుగున ఇంకా కాస్త ఎరుపు, దాని మీద సన్నటి నెలవంక. రేపే పండుగ! ఎదురు సీటు పాప చప్పట్లు కొట్టింది. చైత్ర శుద్ధ పాడ్యమి నాటి ఆ చంద్రుడే మా ఏడాదికి మొదలు, వాళ్ల నెలకు మొదలు.

కొత్త చర్లపల్లి టెర్మినల్‌లో దిగాం. ఆ ఏడాది జనవరిలోనే ప్రారంభమైంది, గచ్చు ఇంకా కొత్తగా మెరుస్తోంది. మరిది కారు తెచ్చాడు. ఉప్పల్‌లో చెల్లె ఇంట్లో సంచులు పడేసి, అన్నం తిని, తొమ్మిదిన్నరకు మళ్లీ బయటికి. ఇంత రాత్రా అంది చెల్లె. ఈ రాత్రే పోవాలి. నెలవంక కనబడ్డ ఈ చాంద్ రాత్ చార్మినార్ రేపటికి దొరకదు.

మదీనా చౌరస్తా నుంచి నడకే. నడక అనడం కూడా తప్పు, జనం మోసుకుపోతారు. పత్తర్‌గట్టి రెండు పక్కలా బట్టల దుకాణాలు తెల్లవారేదాకా తెరిచే ఉంటాయి. టోపీలు, అత్తరు సీసాలు, షీర్ ఖుర్మాకు సేమియాల గుట్టలు, పిల్లల చెప్పులు, గాజులు. ధరలు అరిచేవాళ్ల గొంతులు అప్పటికే బొంగురుపోయాయి. సీకుల పొయ్యి దగ్గర నిప్పులు ఎగిరితే చిన్నోడు ఆగిపోయాడు. "ఇది కట్టెబొగ్గు, మనది రాకాసిబొగ్గు" అని అత్తమ్మ వాణ్ణి లాక్కుపోయింది. తలెత్తితే ఎదురుగా చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన నాలుగు మీనార్లూ దీపాల్లో తేలుతున్నాయి. కింద అంత జనం, పైన రాయి మాత్రం నిశ్చలం. చిన్నోడు తండ్రి భుజాల మీదికెక్కి దీపాలు లెక్కపెట్టబోయి మధ్యలోనే వదిలేశాడు.

లాడ్ బజార్‌లోకి మళ్లాం. ఒక గాజుల దుకాణం ముందు చిన్న కుంపటి పెట్టుకుని ఒకాయన పని చేస్తున్నాడు. కరిగిన లక్కను కర్రకు చుట్టి, సాగదీసి, పట్టీగా వత్తి, వేడి తగ్గకముందే గుండ్రంగా వంచుతాడు. తర్వాత మెరుపు రాళ్లు ఒక్కొక్కటీ చేత్తో అద్దుతాడు. కుంపటి సెగ ఎదుట గంటల తరబడి కూర్చుని చేసే పని. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేసే చేతులకు దక్కాల్సిన గౌరవం అది. బిడ్డ ఎర్రరాళ్ల జత ఎంచుకుంది. లక్క ఎక్కడి నుంచి వస్తుందని ఆమె అడిగితే దుకాణదారు కంటే ముందు అత్తమ్మే చెప్పింది.

"చెట్టు మీదనే బిడ్డా. పురుగు పెడతది. మోదుగు మీద, రేగు మీద, పుసుగు మీద. మా చిన్నప్పుడు అడివిల గీకి తెచ్చేటోళ్లు."

దుకాణదారు చేతిలోని గాజు పక్కన పెట్టి ఆమెను చూశాడు. బేరమాడకుండానే ఇరవై రూపాయలు తగ్గించాడు.

పండుగ రోజు గోల్కొండ. ఫతే దర్వాజా దాటేసరికే ఎండ కరకరలాడుతోంది. కొత్త షేర్వానీల్లో పిల్లలు, జరీ దుపట్టాల అమ్మాయిలు, సేమియా డబ్బాలతో తల్లులు. నగరమంతా ఇక్కడికే వచ్చినట్టుంది. పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. పెద్దలకు కూడా సినిమా కంటే చాలా చవక.

బాలా హిస్సార్ ద్వారం దగ్గరి గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ కొసన వినబడుతుందని అందరికీ తెలుసు. శత్రువు వస్తే పైకి కబురు చేర్చడానికి చేసిన ఏర్పాటు. అత్తమ్మ మోకాళ్లు మెట్లెక్కలేవు. "నేను గీడనే ఉండి చప్పట్లు కొడత, మీరు పైకి వోయి వినుండ్రి" అంది. కానీ ఆ గుమ్మటం కింద వందమంది కొడుతున్నారు. ఏది బాపమ్మదో ఎట్ల తెలుస్తుందని బిడ్డ అడిగింది. అత్తమ్మ కాసేపు ఆలోచించి, "బతుకమ్మ చప్పట్లు కొడత" అంది.

మెట్లెక్కుతూ మా ఆయన గోడల దగ్గర ఆగిపోతున్నాడు. పిల్లలు తొందరపెడుతున్నా కదలడు. ఆయన చూస్తున్నది గోడల్లో దాచిన మట్టి గొట్టాలు. కోటకు నీళ్లు దుర్గం చెరువు నుంచి వచ్చేవి. ఆ నీటిని కొండ మీదికి ఒకేసారి ఎత్తలేరు. కింది తొట్టిలోకి చేరినదాన్ని చక్రాలతో, ఎడ్ల బలంతో పై తొట్టిలోకి, అక్కడి నుంచి ఇంకో పై తొట్టిలోకి ఎత్తేవారు. తొట్టి నుంచి గదులకు, తోటలకు, ఫౌంటెన్లకు మట్టి గొట్టాల్లో పారేది. మా ఆయన పిల్లల్ని నీడలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

"బాయిల ఊట నీళ్లు గిట్లనే ఎత్తుతం. అడుగున సంపు, దాని మీద ఇంకో సంపు. ఒక పంపు ఒకటే దెబ్బకు పైదాక కొట్టలేదు. మెట్టు మెట్టుకు ఎత్తాలె. ఈళ్లకు మోటరు లేదు, కరెంటు లేదు. అయినా లెక్క అదే."

ఆయన గొంతులో అంత గౌరవం నేనెప్పుడూ వినలేదు. కుతుబ్ షాహీల వజ్రాల గురించి, 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి కోటను పట్టుకున్న సంగతి గురించి గైడ్లు గొంతు చించుకుని చెప్తారు. గొట్టాలు పరిచినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. భూమి అడుగున నీళ్లతో కొట్లాడే మనిషి ఇన్నేళ్ల తర్వాత వచ్చి వాళ్ల పని ముందు నిలబడి, గొట్టం అంచును వేలితో తడిమి చూశాడు. గోల్కొండలో నేను చూసిన అన్నిటికంటే గొప్ప దృశ్యం అదే.

రామదాసు బందిఖానా చీకట్లో కాసేపు ఆగాం. మహంకాళి అమ్మవారి గుడి దగ్గర దండం పెట్టుకుని పై బారాదరి చేరాం. నాలుగు దిక్కులా నగరం, పడమటి వైపు అద్దాల మేడలు. కింది నుంచి చప్పట్ల రొద అలలు అలలుగా వస్తోంది. బిడ్డ కళ్లు మూసుకుని చెవి ఒగ్గింది. ఆ కలగాపులగం నడుమ ఒక తాళం విడిగా పలికింది. ఒంగి ఒకటి, లేచి ఒకటి, ఆగి మళ్లీ. ఒంటరిగా, వదలకుండా.

"బాపమ్మే! బాపమ్మే!"

మా ఆయన కూడా తలూపాడు. బాయిలో పైకప్పును కర్రతో తట్టి చప్పుడును బట్టి గట్టిదా, వదులైందా తేల్చుకునే చెవులవి. పొరపడవు.

సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద మిరపకాయ బజ్జీలు, చల్లగాలి. కొత్త సచివాలయం, 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, నీళ్ల నడుమ బుద్ధుడు. అన్నీ దీపాల్లోనే. చిన్నోడు ప్రతి దీపానికీ ఇది మనదేనా అని అడిగి తండ్రిని అలసగొట్టాడు.

చివరి రోజు అత్తమ్మది. యాదగిరిగుట్ట. ఉప్పల్‌లో బస్సెక్కితే ఆడవాళ్లం ముగ్గురికీ జీరో టికెట్లు, చిన్నోడికి సగం, మా ఆయనకు ఒక్కడికే పూర్తి టికెట్. నల్లరాతితో మళ్లీ కట్టిన గుడి 2022 మార్చిలో తెరుచుకుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే విమాన గోపురానికి బంగారు తాపడం అయింది. ఎండకు అటు చూడలేక అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. క్యూలో రెండు గంటలు నిలబడినా ఒక్కసారి కూడా మోకాళ్ల మాట ఎత్తలేదు.

గుట్ట నుంచి భువనగిరి పోయే దారిలో రాయగిరి. ట్యాంక్‌బండ్ బుద్ధుణ్ణి చెక్కిన తెల్లటి గ్రానైటు ఇక్కడిదే. గణపతి స్థపతి పర్యవేక్షణలో శిల్పులు చెక్కారు. 1990 మార్చిలో హుస్సేన్‌సాగర్‌లోకి తీసుకుపోతుంటే పంటు ఒరిగి విగ్రహం మునిగింది, పనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉండి, 1992 డిసెంబరులో పీఠమెక్కింది. నిన్న రాత్రి దీపాల్లో నవ్వుతూ కనబడిన బుద్ధుడు ఈ గుట్టల బిడ్డ అని చెప్తే పిల్లలు బస్సు వెనక అద్దంలోంచి చాలాసేపు చూశారు. భువనగిరిలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. కాజీపేట రాకముందే అందరూ నిద్ర.

పట్నం అంటే మాకు ప్రాణం. చార్మినార్, గోల్కొండ చూడకుండా తెలంగాణలో ఏ పిల్లా పెరగకూడదు. మాల్‌లో గడిపే పూటను ఆ మెట్ల మీద గడపండి. అయితే మా చెల్లె కొడుకు ఇంతవరకు బొగ్గు ముక్క చూడలేదు. దాన్ని తవ్వే ఊరు రైలులో నాలుగున్నర గంటల దూరమే. మీరూ ఒకసారి ఇటు రండి. బాయిలోకి దిగనివ్వరు గానీ, ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు రోడ్డు మీంచే కనబడతాయి. మందమర్రి దగ్గర గాంధారి ఖిల్లా ఉంది, గోదావరి ఒడ్డున శివ్వారంలో మొసళ్లున్నాయి, కవ్వాల్ అడవి ఉంది. హోలీకి ఒక వారం ముందు రండి. మోదుగు అప్పుడు నిండుగా పూసి ఉంటుంది.