ఇరవై అయిదు పిన్నుల కథ

1990ల మధ్యలో మా సెక్షన్‌కు రెండు పాత కంప్యూటర్లు ఇచ్చారు. ఒకదానిలో తయారుచేసిన జీతాల బిల్లును రెండో దానిలోకి పంపాలని మధ్యలో కేబుల్ బిగించాం. రెండు వైపులా చక్కగా సరిపోయింది గాని ఒక్క అక్షరం కూడా పోలేదు. మూడు రోజులు బిల్లు ఆగిపోయి, అందరి చేతా మాటలు పడ్డాను. అసలు కారణం రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటే తెలిసింది.

ఆ కేబుల్ వెనుక ఉన్నది ఆర్.ఎస్.-232 అనే ప్రమాణం. అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం దానిని 1960లో ప్రకటించింది. ఆర్.ఎస్. అంటే రికమెండెడ్ స్టాండర్డ్, అనగా సిఫార్సు మాత్రమే. మన జి.ఓ. మాదిరి పాటించి తీరాలన్న నిర్బంధం లేదు. టెలిటైపు వంటి టెర్మినల్ ఒక కంపెనీది, దానిని టెలిఫోను లైనుకు కలిపే మోడెమ్ ఇంకొకరిది. ఎవరి పద్ధతి వారిదైతే కొన్నవాడు ఏం కావాలి? అందుకని పోటీదారులే ఒక బల్ల చుట్టూ చేరారు.

ఆ పని తీరు మన మిత్రులకు కొత్తగా అనిపించదు. కమిటీ డ్రాఫ్టు రాస్తుంది, సభ్యులకు పంపుతుంది, వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ పరిశీలించి జవాబు ఇస్తుంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన వాటినైతే అయిదేళ్లకోసారి కొనసాగించాలో, సవరించాలో, రద్దు చేయాలో తేల్చాలి. (మన సర్క్యులర్లకూ ఆ నియమం ఉంటే ఎన్ని బీరువాలు ఖాళీ అయ్యేవో!) 1969లో వచ్చిన సవరణ, 'సి' ప్రతి, చాలాకాలం నడిచింది. బెల్ టెలిఫోను వారు, మోడెమ్, కంప్యూటర్ తయారీదారులు కలిసి దానిని రూపొందించారు.

సున్నాకు ధన వోల్టేజి, ఒకటికి ఋణ వోల్టేజి అని స్పష్టంగా రాశారు. విచిత్రమేమంటే, అందరికీ తెలిసిన 25 పిన్నుల కనెక్టర్ అందులో అనుబంధంలో సూచనగా మాత్రమే ఉంది. 1984లో ఐ.బి.ఎం. తన కొత్త కంప్యూటర్‌కు 9 పిన్నులే పెట్టింది. దానికి ప్రమాణం 1990లో గాని రాలేదు. ముందు బజారు నడిచింది, కాగితం వెనకాల వచ్చింది.

ఇక మా బిల్లు సంగతి. టెర్మినల్ 2వ పిన్నులో పంపుతుంది, 3వ దానిలో అందుకుంటుంది. మోడెమ్ అందుకు ఎదురు. రెండు కంప్యూటర్లు నేరుగా మాట్లాడుకుంటాయని ఆ కమిటీ అనుకోలేదు. మావి రెండూ టెర్మినల్ తరహావే. రెండూ 2లోనే మాట్లాడుతున్నాయి, 3లోనే వింటున్నాయి! మెకానిక్ వచ్చి ఆ రెండు తీగలనూ తారుమారు చేసి టంకం వేస్తే పది నిమిషాల్లో బిల్లు కదిలింది.

1996లో ఇంటెల్, ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్ మొదలైన ఏడు కంపెనీలు కలిసి యు.ఎస్.బి. తెచ్చాయి. అందులో మొదట కేబుల్ రెండు కొసలనూ వేరువేరు ఆకారాల్లో పెట్టారు. రెండు కంప్యూటర్లను ఆ కేబుల్‌తో కలుపుదామన్నా పట్టదు.