వెలుపలివారికిఁ దెఱచిన వాకిలి: కేంబ్రిడ్జిలో హాప్కిన్సు పరిశోధనాలయము

శాస్త్రవిద్యాలయముల చరిత్రలో 1933వ సంవత్సరము రెండు తిరస్కారములను జూచినది. జర్మనీదేశమున ఫ్రైబుర్గు విశ్వవిద్యాలయ వైద్యశాలలోఁ బని చేయుచుండిన హాన్సు క్రెబ్సు అను వైద్యుఁడు, యూదుఁడగుటచే ఏప్రిలు మాసమున నుద్యోగమునుండి తొలగింపఁబడెను. శరీరమున యూరియా యేర్పడు విధమును హెన్సెలైటు అను విద్యార్థితోఁ గూడి యాతఁడు వెల్లడించినది యంతకు ముందటి సంవత్సరమే. ఆ 1933వ సంవత్సరముననే బొంబాయి పట్టభద్రురాలగు కమలా భాగవత్ బెంగుళూరిలోని భారత విజ్ఞానసంస్థలోఁ బ్రవేశము గోరఁగా, ఆమె స్త్రీ యను కారణముచే దరఖాస్తు త్రోసివేయఁబడెను. ఒకరికి జాతియు, నొకరికి స్త్రీత్వమును నడ్డువచ్చినవి. వీరిరువురును వేఱువేఱు త్రోవలం బోయి తుదకుఁ బ్రవేశించిన గృహము మాత్ర మొక్కటియే. అది కేంబ్రిడ్జినగరమున ఫ్రెడరిక్ గౌలండు హాప్కిన్సు ఆచార్యత్వము వహించిన జీవరసాయన పరిశోధనాలయము.

కమల కథ ముందుగాఁ జెప్పఁదగినది. ఆమె తండ్రియు, తండ్రి సోదరుఁడును రసాయనశాస్త్రజ్ఞులు. బెంగుళూరు సంస్థలోనే చదివినవారు. కావున నది యామెకు బాల్యమునుండియు విన్న పేరే. బి. ఎస్. సి. పరీక్షలో మొదటిస్థానమునఁ గృతార్థురాలైన తనకుఁ జోటు లేదనుట కామె యొడంబడలేదు. సంస్థాధ్యక్షుని సమక్షమునకే పోయి, కారణము చెప్పుమని పట్టుపట్టెను. అంతట నిబంధనలతోఁ బ్రవేశము లభించెను. మొదటి సంవత్సరము పరీక్షాకాలముగా నెంచఁబడును. గురువు కోరినచో రాత్రి ప్రొద్దుపోవువఱకును బని చేయవలెను. ఆమె యునికిచేఁ బురుషవిద్యార్థుల చిత్తము చెదరరాదు. తుది నిబంధన యెంత విపరీతమో గమనింపుఁడు. ఇతరుల చిత్తమునకు నామె పూచీ వహింపవలసివచ్చెను! శ్రీనివాసయ్యగారను గురువు శ్రద్ధతో నేర్పెను. పాలలోను పప్పుధాన్యములలోను నుండు మాంసకృత్తులపై నామె పని చేసి, 1936లో ఎం. ఎస్. సి. పట్టముం బొందెను. అధ్యక్షుఁడును సంతుష్టుఁడై తరువాత స్త్రీలకుఁ బ్రవేశ మొసంగెను. అయినను నాఁటి యవమానము నామె వార్ధక్యమున సైతము మఱవలేదు.

ఆ యధ్యక్షుఁడు సర్ చంద్రశేఖర వేంకటరామన్. ఇచ్చట నొక్కింత నిలువవలసియున్నది. రామన్‌గారు తామే యొకప్పుడు శాస్త్రశాలలకు వెలుపలివారు. 1907లోఁ గలకత్తాయందు ప్రభుత్వ ఆర్థికశాఖలో నుద్యోగియై, కచేరిపనికి ముందును దరువాతను దొరకిన వేళలలోఁ బరిశోధన చేసికొనుటకుఁ జోటు వెదకికొనిరి. మహేంద్రలాల్ సర్కారు 1876లో బౌబజారున స్థాపించిన విజ్ఞానపరిషత్తు తలుపు తెఱచి వారిని లోనికిఁ బిలిచినది. ఆ తలుపే మూసియుండినచో 1930 నాఁటి నోబెలు బహుమానము భరతఖండమునకు వచ్చియుండదు. బెంగుళూరు సంస్థకు భారతీయుఁ డధ్యక్షుఁడగుట వారితోనే మొదలు. తాను వెలుపల నిలిచిన కాలమొకటి యుండినంతమాత్రమున, అధికారము చేతికి వచ్చిన పిదప నితరులకుఁ దలుపు తీయఁగల బుద్ధి తనంతఁ గలుగదని యీ వృత్తాంతమువలనఁ దేలుచున్నది.

హాప్కిన్సు జీవితమును రామన్‌గారి తొలిజీవితమును గొంత పోలియుండుట వింత. 1861లో జన్మించిన యాతఁడు శైశవముననే తండ్రిని గోల్పోయెను. పదునేడవయేట నొక బీమాకంపెనీ కచేరిలోఁ గొన్నినెలలు గుమాస్తాగిరి చేసెను. పిమ్మట రసాయనవిశ్లేషకుఁడై జీవించి, ఇరువదియేండ్లు దాఁటినపిదపఁ గాని వైద్యవిద్య కారంభింపలేదు. కేంబ్రిడ్జికి 1898లోఁ బిలువఁబడినప్పు డాతనికి దొరకినది స్వల్పవేతనము, విద్యార్థులకుఁ బాఠములు చెప్పు బరువు. 1910లో నారోగ్యము చెడినపిదపఁ గాని ట్రినిటీ కళాశాల యాదుకొనలేదు. 1914లో నాచార్యపదవి వచ్చెను. సర్ విలియం డన్ అను వర్తకుని ధర్మనిధినుండి 2,10,000 పౌండ్లు లభింపఁగా, 1924లో నూతనభవనము తెఱవఁబడెను. ఆహారమునఁ బిండిపదార్థము, క్రొవ్వు, మాంసకృత్తులుగాక వేఱు సూక్ష్మద్రవ్యములును జీవమున కవసరమని చూపినందులకు 1929లో నోబెలు బహుమానమునఁ బాలుపంచుకొనెను.

ఆ భవనములోని జీవనము విశ్వవిద్యాలయజీవనమునకు భిన్నము. 1921లో స్త్రీలకుఁ బూర్ణసభ్యత్వము నిరాకరించి నామమాత్రపుఁ బట్టములను మాత్రమే యిచ్చుటకుఁ దీర్మానింపఁబడఁగా, జయోత్సాహమునఁ గొందఱు పురుషవిద్యార్థులు న్యూన్‌హాము స్త్రీకళాశాల కంచుతలుపులను గూలగొట్టఁ జూచిరి. పూర్ణసభ్యత్వము 1948 వఱకును రాలేదు. హాప్కిన్సు శాలలో నన్ననో, పూలరంగుల రసాయనమును శోధించిన మ్యూరియెల్ ఆన్‌స్లో, సూక్ష్మజీవుల రసాయనమునకుఁ బునాది వేసిన మార్జరీ స్టీఫెన్‌సన్, కండరముల రసాయనమును బరిశీలించిన డొరతీ నీడాము మున్నగు స్త్రీలు పురుషులతో సమముగాఁ బని చేయుచుండిరి. 1923 మొదలు 1931 వఱకు 'బ్రైటర్ బయోకెమిస్ట్రీ' యను నొక హాస్యపత్రికను శాలవారే యేఁటేఁట వెలువరించిరి. పద్యములలోను బొమ్మలలోను నందఱును నందఱిని నవ్విరి. పెద్దల కందు మినహాయింపు లేదు. ఆచార్యుని ముందు నోరు మెదపరాని శాలలలో నిట్టిది పుట్టదు.

క్రెబ్సు 1933 జూనులో నీ శాల కేతెంచెను. బహిష్కృతులగు పండితుల సాయమునకై ఆ మేనెలలో లండనునఁ బుట్టిన మండలికి, రాయల్ సొసైటీ యధ్యక్షుఁడగు హాప్కిన్సు సంతకము చేసినవారిలో నొకఁడు. భిన్నాభిప్రాయులు కలహింపక వాదించుటను, ఎగతాళి లేక విమర్శించుటను తాను మొదటిసారి దగ్గఱగాఁ జూచిన దచ్చటనే యని క్రెబ్సు 1953లోఁ దన నోబెలు సత్కారసమయమునఁ జెప్పెను. ఆతఁడు 1935లో షెఫీల్డునకుఁ బోయి, 1937లోఁ దన పేర వినుతికెక్కిన యామ్లచక్రమును బ్రకటించెను. బెర్లినునుండి వచ్చిన ఎర్నెస్టు చైను కూడ నిచ్చటఁ గొంతకాల ముండి, హాప్కిన్సు సిఫారసుపై ఆక్సుఫర్డు చేరి, పెనిసిలిన్ పరిశోధనలో భాగస్వామి యయ్యెను.

ఇంతమాత్రముచే నా శాల స్వర్గమని తలంపరాదు. ఆదరము వేఱు, జీతము వేఱు. డొరతీ నీడాము నాలుగు దశాబ్దములకుఁ బైగా నొక సహాయద్రవ్యము ముగిసిన వెంటనే మఱొకటి వెదకికొనుచునే పని చేసెను. స్థిరమైన పదవి యామెకు దొరకలేదు. 1948లో రాయల్ సొసైటీ సభ్యురాలైనను నీ స్థితి మాఱలేదు. స్టీఫెన్‌సన్‌కు 1945లోఁ గ్రిస్టలోగ్రఫీ పండితురాలగు కాథ్లీన్ లాన్స్‌డేలుతోఁ గూడ నా గౌరవము వచ్చినప్పటికి, ఆమె వయస్సు అఱువది. స్త్రీలలో నా గౌరవమునకు మొదటివారు వీరిద్దఱే. తన శాలలో బల్ల నిచ్చుట హాప్కిన్సు చేతిలోని పని. విశ్వవిద్యాలయపుఁ బదవులన్నియు నాతని చేతిలోనివి కావు.

బల్లలైనను జాలినన్ని లేవు. కమల 1937లోఁ గేంబ్రిడ్జి చేరి హాప్కిన్సును దర్శించినప్పుడు శాల నిండియుండెను. అంత నచ్చటి శాస్త్రజ్ఞుఁ డొకఁడు పగలు తన బల్లను నామెకు విడిచి, తాను రాత్రివేళఁ బని చేసికొందునని చెప్పెనని యామె స్మృతులవలనఁ దెలియుచున్నది. బెంగుళూరిలో రాత్రిపని యామెకు విధింపఁబడిన షరతు. ఇచ్చట నొకఁ డామె కొఱకు దానిని దనమీఁద వేసికొనెను. ఆమె డెరెక్ రిక్టరుతోను, పిదప రాబిన్ హిల్లుతోను బని చేసి, శ్వాసక్రియకుఁ దోడ్పడు సైటోక్రోము-సి వృక్షకణములలోఁ గలదని ఉర్లగడ్డలను శోధించి చూపెను. 1939లోఁ బి. హెచ్. డి. పట్టమునకై సమర్పించిన ప్రబంధము నలువది పుటలదే.

ఆ యేఁడే స్వదేశమునకు వచ్చి, ఢిల్లీలోని లేడీ హార్డింజి వైద్యకళాశాలలో జీవరసాయనశాఖకు ముఖ్యురాలయ్యెను. తరువాతఁ గూనూరు పోషకాహార పరిశోధనాలయములోను, వివాహానంతరము కమలా సోహోనీ యను పేర బొంబాయి విజ్ఞానసంస్థలోను బని చేసి, నీరాలోని పోషకగుణములను శోధించెను. బొంబాయి సంస్థ యధ్యక్షపదవికి నామె వచ్చుట మాత్రము చాల యాలస్యముగా జరిగెను.