స్థానం నరసింహారావు

స్థానం నరసింహారావు (సెప్టెంబరు 23, 1902 - ఫిబ్రవరి 21, 1971) సుప్రసిద్ధ తెలుగు రంగస్థల నటుడు, గాయకుడు. సుమారు నలభై సంవత్సరాల పాటు స్త్రీ పాత్రలు ధరించి, ముఖ్యంగా సత్యభామగా ఆంధ్ర ప్రేక్షకుల ఆదరాభిమానాలు పొందాడు.

జీవితం

నరసింహారావు బాపట్లలో హనుమంతరావు, ఆదెమ్మ దంపతులకు జన్మించాడు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ప్రదర్శించవలసిన రోజున చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ కొరత తీర్చడానికి తానే ఆ పాత్ర ధరించడంతో ఇతని నటజీవితం ప్రారంభమైంది. తరువాత తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరి ప్రముఖ నటునిగా ఎదిగాడు.

రంగస్థలం

ఆ కాలంలో సురభి వంటి కుటుంబ నాటక సమాజాలను మినహాయిస్తే, స్త్రీ పాత్రలను సాధారణంగా పురుషులే ధరించేవారు. నరసింహారావు కేవలం చీర కట్టి గొంతు మార్చడంతో సరిపెట్టుకోలేదు. రాజపుత్రికకు, వేశ్యకు, రాణికి వేర్వేరు నడక, చూపు, అలంకారం సమకూర్చాడు. చింతామణి, రోషనార, కన్యాశుల్కంలో మధురవాణి, సారంగధరలో చిత్రాంగి, విప్రనారాయణలో దేవదేవి ఇతని ఇతర ప్రసిద్ధ పాత్రలు.

ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ పాత్ర కోసం తానే కొన్ని పాటలు రాసుకున్నాడు. వాటిలో "మీరజాలగలడా" అత్యంత ప్రజాదరణ పొందింది. ఒకే పల్లవిని మళ్ళీ మళ్ళీ పాడుతూ, ప్రతిసారీ కొత్త భావాన్ని అభినయించడం ఇతని ప్రత్యేకత.

సినిమాలు

రాధాకృష్ణ (1939), సత్యభామ (1942) చిత్రాలలో నటించాడు. వై.వి.రావు దర్శకత్వం వహించిన సత్యభామలో నాయిక పాత్రను పుష్పవల్లి పోషించగా, రంగస్థలంపై సత్యభామగా పేరొందిన నరసింహారావు శ్రీకృష్ణునిగా కనిపించాడు. తెరపై స్త్రీ పాత్రలకు స్త్రీలే రావడంతో ఇతని విద్యకు అక్కడ చోటు దక్కలేదు. క్రమంగా నాటకరంగంలోనూ అదే మార్పు వచ్చింది.

పురస్కారాలు, రచన

1938లో రంగూన్ లోని అభిమానులు బంగారు కిరీటం బహూకరించారు. 1956లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. తన నటనానుభవాలను "నటస్థానం" అనే గ్రంథంగా రచించాడు.

ఇతని అభినయం ఆనాటి ప్రేక్షకుల జ్ఞాపకాలకే పరిమితమైనా, పాట మాత్రం నిలిచింది. 1966లో విడుదలైన శ్రీకృష్ణ తులాభారం చిత్రంలో "మీరజాలగలడా" పాటను జమున కోసం పి.సుశీల పాడగా, అది కొత్త తరానికి చేరింది.